ఏడు సంతకాలు

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున మా వసారాలో చాప పరిచి ఏడుగురు కూర్చున్నారు. మా నాన్న, ఆయనతో పాటు స్పిన్నింగ్ మిల్లులో ఒకే షిఫ్టులో పనిచేసే ఇంకో ఆరుగురు. మధ్యలో ఒక ఫారం. యూనియన్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు అది. వాళ్లలో ఒకాయనకు చదువు రాదు. సంతకం మాత్రం నేర్చుకున్నాడు. పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి రాశాడు. రాశాక మా అమ్మ అందరికీ టీ ఇచ్చింది.

రెండు వారాలు తిరక్కుండానే ఆ ఏడు పేర్లు మిల్లు ఆఫీసుకి చేరిపోయాయి. ఎలా చేరాయో ఎవరికీ తెలియదు. ఒకాయనకి డ్యూటీలో నిద్రపోయాడని చార్జిషీటు వచ్చింది. ఇద్దరిని శాశ్వతంగా నైట్ షిఫ్టుకి వేశారు. మా నాన్నని మెషీన్ మీద నుంచి తీసి గోడౌన్‌కి పంపారు. నాలుగు నెలలకి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించారు. ఆ తర్వాత యూనియన్ తరఫున రాసిన ఉత్తరాన్ని మేనేజ్‌మెంట్ ఒక్కసారి కూడా చేత్తో తీసుకోలేదు. రిజిస్టర్ పోస్టులో పంపితే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మాత్రం వెనక్కి వచ్చేది. ఆ పసుపు కార్డులు రబ్బరు బ్యాండు వేసి నాన్న చాలా ఏళ్లు దాచుకున్నాడు.

సంఘం పెట్టుకునే హక్కు గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ఆ ఫ్రేమూ, ఆ కార్డుల కట్టా రెండూ గుర్తొస్తాయి. మన చట్టం చాలామందికి గందరగోళంగా కనిపించడానికి కారణం కూడా అక్కడే ఉంది. 'హక్కు' అని ఒకే మాట వాడుతున్నాం గానీ అందులో మూడు వేరు వేరు ప్రశ్నలున్నాయి. సంఘం పెడితే కేసుల్లో ఇరుక్కుంటామా? పెట్టాక ఉద్యోగం నిలుస్తుందా? ఉద్యోగం నిలిచినా, యజమాని మాతో కూర్చుని మాట్లాడి తీరాలా? ఈ మూడింటికీ మన దేశంలో ఒకేసారి జవాబు రాలేదు. మొదటిదానికి 1926లో వచ్చింది. రెండోదానికి ముక్కలు ముక్కలుగా వచ్చింది. మూడోదానికి కేంద్ర చట్టంలో జవాబు అమల్లోకి వచ్చింది మొన్న, 2025 నవంబర్‌లో.

మొదటి ప్రశ్న ఇప్పుడు వింతగా అనిపించవచ్చు. సంఘం పెడితే కేసేమిటి? కానీ పాత కాలపు చట్టం చూపు వేరు. కూలీ అంటే ఇద్దరు మనుషుల మధ్య ఒప్పందం. దాన్ని పెంచమని పదిమంది కలిసి ఒత్తిడి చేస్తే అది కుట్ర. ఇంగ్లండ్‌లో 1799, 1800లలో వచ్చిన కాంబినేషన్ చట్టాలు సరిగ్గా ఆ మాటే చెప్పాయి. 1824లో వాటిని రద్దు చేశారు. 1871లో సంఘాలకు చట్టబద్ధత దొరికింది. అయినా 1901లో టాఫ్ వేల్ రైల్వే కంపెనీ కేసులో, సమ్మె వల్ల వచ్చిన నష్టాన్ని యూనియన్ నిధుల నుంచి రాబట్టుకోవచ్చని తీర్పు వచ్చింది. అంటే సమ్మె చేస్తే జైలు తప్పినా, కార్మికులు కూడబెట్టుకున్న చందా డబ్బంతా పోతుంది. దాన్ని తిప్పికొడుతూ 1906లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. క్రిమినల్ కేసు నుంచి ఒక రక్షణ, నష్టపరిహారం దావా నుంచి ఇంకో రక్షణ: ఈ రెండూ వేరని గుర్తుపెట్టుకుంటే మద్రాసులో జరిగింది తేలిగ్గా అర్థమవుతుంది.

మన దగ్గర అప్పటికి పరిస్థితి ఇంకా ఘోరం. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని మానేస్తే మేజిస్ట్రేటు ముందుకు లాక్కెళ్లి జైల్లో పెట్టించే 1859 నాటి చట్టం 1920ల నడిమి దాకా అమల్లో ఉంది. యజమాని మాట తప్పితే సివిల్ తగాదా, కూలీ మాట తప్పితే నేరం.

మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులని రెండు పెద్ద బట్టల మిల్లులుండేవి. జనం కలిపి బి అండ్ సి మిల్స్ అనేవాళ్లు. బిన్నీ కంపెనీ నడిపేది. మధ్యాహ్నం తిండికి ఇచ్చే విరామం చాలదనీ, పైవాళ్లు తిడతారు, కొడతారనీ కార్మికులు మొరపెట్టుకునేవాళ్లు. సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అనే ఇద్దరు వాళ్ల గోడు విని, అనీ బిసెంట్ దగ్గర పనిచేస్తున్న బి.పి. వాడియా అనే పార్శీ యువకుడిని తీసుకొచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మన దేశంలో పద్ధతి ప్రకారం సభ్యత్వం, చందా పెట్టుకుని నడిచిన మొదటి కార్మిక సంఘంగా చాలామంది దీన్నే చెబుతారు.

1920 చివర్లో గొడవ ముదిరి మిల్లు మూతపడింది. డిసెంబర్‌లో పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. కానీ చట్టం చరిత్రని మలుపు తిప్పింది ఆ తుపాకులు కాదు, హైకోర్టులో పడిన ఒక దావా. మా దగ్గర పనిచేస్తామని ఒప్పుకున్నవాళ్లని ఆ ఒప్పందం తప్పేలా వాడియా ఉసిగొలిపాడు, అందువల్ల మాకు నష్టం వచ్చింది, ఆయన్ని ఆపండి, పరిహారం ఇప్పించండి అని కంపెనీ అడిగింది. కోర్టు ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమనే ఉత్తర్వు, ఇచ్చింది. అప్పటికి ఇంగ్లండ్‌లో 1906 చట్టం ఉంది కాబట్టి అక్కడ ఇదే పని చేసిన నాయకుడి జోలికి ఎవరూ రాలేరు. మద్రాసులో అలాంటి చట్టం లేదు. చివరికి వాడియా కార్మికోద్యమం నుంచి తప్పుకోవాలన్న షరతు మీద రాజీ కుదిరింది. ఆయన తప్పుకున్నాడు.

సంఘం నాయకుడు సమ్మె గురించి మాట్లాడితే ఇల్లూ వాకిలీ అమ్ముకోవాల్సి వస్తుందని దేశమంతా అర్థమైంది. 1921 మార్చిలో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టాడు: సంఘాల రిజిస్ట్రేషన్‌కీ, రక్షణకీ చట్టం చేయాలని. అంతకు కొద్ది నెలల ముందే, 1920 అక్టోబర్ చివర్లో, లాలా లజపతిరాయ్ అధ్యక్షుడిగా అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) ఏర్పడింది. అంతర్జాతీయ కార్మిక సంస్థకి భారత కార్మికుల ప్రతినిధిని పంపాలంటే దేశం మొత్తానికి ఒక సంఘం కావాలన్నది దానికి ఒక కారణం. ఈ ఒత్తిళ్లన్నీ కలిసినా చట్టం రావడానికి ఐదేళ్లు పట్టింది.

1926 ట్రేడ్ యూనియన్ల చట్టం చిన్నది. 1927 జూన్ 1న అమల్లోకి వచ్చింది. ఏడుగురు సభ్యులు సంతకం పెట్టి దరఖాస్తు చేస్తే సంఘాన్ని రిజిస్టర్ చేయొచ్చు. రిజిస్టరయ్యాక ఆ సంఘానికి చట్టం దృష్టిలో ఒక వ్యక్తిలాగే ఆస్తి, కేసులు, ముద్ర అన్నీ ఉంటాయి. పదిహేనేళ్లు నిండినవాళ్లు సభ్యులు కావచ్చని అందులో రాశారు. అసలు ప్రాణం రెండు సెక్షన్లలో ఉంది. 17వ సెక్షన్ ప్రకారం సంఘం పని కోసం సభ్యులు కలిసి చేసుకున్న ఒప్పందాన్ని కుట్ర కేసుగా మార్చకూడదు. ఆ ఒప్పందమే ఏదైనా నేరం చేయడానికైతే తప్ప. 18వ సెక్షన్ ప్రకారం కార్మిక వివాదం సందర్భంగా ఉద్యోగ ఒప్పందం తప్పమని ఎవరినైనా ప్రోత్సహించినందుకు సంఘం మీదగానీ నాయకుడి మీదగానీ సివిల్ దావా నడవదు. వాడియా మీద పడిన దెబ్బకి అక్షరం అక్షరం లెక్కగట్టి రాసినట్టుంటుంది ఆ సెక్షన్.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకోకపోతే ఈ రెండు రక్షణలూ ఉండవు, అంతే. అందుకే ఆ ఏడు సంతకాలకి అంత విలువ. మా వసారాలో ఆ రోజు ఫారం నింపుతున్నవాళ్లకి వాడియా పేరు తెలియదు గానీ, వాళ్లు అడుగుతున్నది ఆయనకి దొరకని రక్షణే.

ఇక్కడ చిన్న పక్కదారి. 1929 ఏప్రిల్ 8న భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ కేంద్ర శాసనసభలో బాంబులు వేశారని మనం చిన్నప్పుడే చదువుకున్నాం. వాళ్లు వెదజల్లిన కరపత్రంలో నిరసించిన బిల్లుల్లో ట్రేడ్ డిస్ప్యూట్స్ బిల్లు ఒకటన్నది అంతగా చెప్పరు. సొంత పరిశ్రమ గొడవ దాటి, ప్రభుత్వాన్ని ఒత్తిడి చేయడానికో మరో చోటి కార్మికులకి మద్దతుగానో చేసే పెద్ద సమ్మెలని చట్టవిరుద్ధం చేసింది ఆ చట్టం. అదే ఏడాది మార్చిలో మీరట్ కుట్ర కేసు పెట్టి కార్మిక నాయకులని దేశం నలుమూలల నుంచి అరెస్టు చేశారు. 1926లో ఒక చేత్తో ఇచ్చినదాన్ని మూడేళ్లకే ఇంకో చేత్తో ఎలా బిగించారో చూడండి.

రెండో ప్రశ్న, ఉద్యోగం. 1926 చట్టంలో దీని ఊసే లేదు. సంఘంలో చేరాడని ఒక మనిషిని పనిలోంచి తీసేస్తే ఆ చట్టం ప్రకారం యజమాని చేసింది తప్పు కాదు! 1947లో వచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టం కొంత అడ్డుకట్ట వేసింది. వివాదం కన్సిలియేషన్‌లోనో (అంటే లేబర్ అధికారి ముందు జరిగే రాజీ చర్చల్లోనో) ట్రైబ్యునల్‌లోనో నడుస్తున్నంత కాలం, దానికి సంబంధించిన కారణం చూపి కార్మికుడిని తీసేయాలంటే ముందు అనుమతి కావాలి. సంఘం ఆఫీస్ బేరర్లలో కొందరిని 'ప్రొటెక్టెడ్ వర్క్‌మెన్'గా గుర్తించాలి. నూటికి ఒకరు చొప్పున, తక్కువలో తక్కువ ఐదుగురు, ఎక్కువలో ఎక్కువ వందమంది. వివాదం నడిచేటప్పుడు వీళ్ల మీద చెయ్యి వేయడం ఇంకా కష్టం. యూనియన్ ఆఫీసుల్లో ఏటా ఏప్రిల్ నెలలో కనబడే హడావుడికి కారణం ఇదే. కేంద్ర నిబంధనల ప్రకారం ఆ పేర్ల జాబితా 30వ తేదీలోపు యజమానికి చేరాలి.

లొసుగు ఎక్కడుందంటే, ఈ రక్షణ అంతా వివాదం నడుస్తున్నప్పుడే. సంఘం పుట్టకముందు, సంతకాలు పెట్టి సర్టిఫికెట్ చేతికొచ్చే దాకా ఉన్న ఆ నాలుగు నెలలు మనిషి ఒంటరి. మా నాన్న వాళ్లకి జరిగింది అదే. 1984 ఆగస్టు నుంచి పారిశ్రామిక వివాదాల చట్టానికి ఐదో షెడ్యూలు చేరి, సంఘంలో చేరినందుకు బెదిరించడం, శిక్షించడం, దురుద్దేశంతో ఒక చోటి నుంచి ఇంకో చోటికి బదిలీ చేయడం లాంటివన్నీ 'అన్యాయ కార్మిక పద్ధతులు' అయ్యాయి. ఆరు నెలల దాకా జైలు అని కూడా రాశారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ గోడౌన్‌కి మార్చింది సంఘం పెట్టినందుకేనని రుజువు చేయాల్సింది కార్మికుడు. మేనేజ్‌మెంట్ చేతిలో 'పని అవసరాల దృష్ట్యా' అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ప్రాసిక్యూషన్‌కి ప్రభుత్వం కదలాలి. ఆ టెన్షన్ భరించలేక సంతకం వెనక్కి తీసుకున్నవాళ్లు ప్రతి పారిశ్రామిక వాడలోనూ కనిపిస్తారు. మా వసారాలో కూర్చున్న ఏడుగురిలోనూ ఇద్దరున్నారు. వాళ్లని నాన్న ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

మరి రాజ్యాంగం? 19(1)(సి) ప్రకారం సంఘాలు పెట్టుకోవడం ప్రాథమిక హక్కు. చాలామంది ఇక్కడితో విషయం తేలిపోయిందనుకుంటారు. తేలలేదు. 1961లో బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: సంఘం పెట్టుకునే హక్కు ప్రాథమికమే, కానీ ఆ సంఘం అనుకున్నది సాధించే హక్కు అందులో భాగం కాదు. బేరసారాల హక్కు గానీ, సమ్మె హక్కు గానీ దాని కడుపులోంచి పుట్టుకురావు. అవి కావాలంటే మామూలు చట్టాల్లో వెతుక్కోవాలి. 2003లో తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగుల కేసులో కోర్టు ఇంకా కరాఖండిగా, వాళ్లకి సమ్మె చేసే హక్కే లేదంది. నా మట్టుకు నాకు 1961 నాటి గీత సరిగ్గా పడలేదనే అనిపిస్తుంది. ఉత్తరం కూడా తీసుకోని మేనేజ్‌మెంట్ ముందు నిలబడిన సంఘానికి, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తప్ప ఇంకేమీ ఇవ్వని హక్కు సగం హక్కే.

అంతర్జాతీయ కార్మిక సంస్థలో మనం 1919 నుంచీ సభ్యులం. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ మీద ఉన్న 87వ ఒప్పందాన్నీ, సామూహిక బేరసారాల మీద ఉన్న 98వ ఒప్పందాన్నీ మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. ప్రభుత్వోద్యోగుల మీద ఉన్న ఆంక్షలు వాటితో పొసగవన్నది ఎప్పుడూ చెప్పే కారణం.

దీంతో మూడో ప్రశ్నకి వచ్చాం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే కథ ఇది. 1947 చివర్లో, స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే, ట్రేడ్ యూనియన్ల చట్టానికి ఒక సవరణ పాసయింది. అర్హత ఉన్న సంఘాన్ని యజమాని గుర్తించి తీరాలి, నిరాకరిస్తే లేబర్ కోర్టు ఆదేశిస్తుంది, అన్యాయ పద్ధతులకి శిక్ష ఉంటుంది. అన్నీ అందులో ఉన్నాయి. చట్టమైంది. అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. చట్టసభ చేసిన చట్టం డెబ్బై ఏళ్లకు పైగా పుస్తకంలో పడి ఉంది. 1950లో ఇంకో బిల్లు వచ్చి అదీ మురిగిపోయింది.

మన వి.వి. గిరి ఈ కాలంలోనే కేంద్ర కార్మిక మంత్రిగా చేశారు. రైల్వే కార్మికుల మధ్య నుంచి ఎదిగిన మనిషి ఆయన. తగాదా రాగానే ప్రభుత్వం ట్రైబ్యునల్‌కి పంపేసే పద్ధతి సంఘాలని బలహీనపరుస్తుందనీ, రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడం నేర్చుకోవాలనీ వాదించారు. 'గిరి పద్ధతి' అని దానికి పేరే పడింది. ప్రభుత్వంలో ఆయన మాట నెగ్గలేదు. బ్యాంకు ఉద్యోగులకి అనుకూలంగా వచ్చిన ట్రైబ్యునల్ తీర్పుని ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేసి బయటికొచ్చేశారు.

గుర్తింపు చట్టం లేకపోవడం వల్ల జరిగిందేమిటి? ఏ సంఘంతో మాట్లాడాలో యజమానే ఎంచుకున్నాడు. కన్సిలియేషన్ అధికారి ముందు కుదిరిన ఒప్పందం, 1947 చట్టంలోని 12(3) సెక్షన్ పేరుతో మన యూనియన్లవాళ్లు 'ట్వెల్వ్ త్రీ' అంటారే అది, అక్కడ పనిచేసే అందరికీ వర్తిస్తుంది. కాబట్టి తనకి అనుకూలమైన చిన్న సంఘంతో సంతకం చేయించుకుంటే పెద్ద సంఘం నోరు మూయించినట్టే. ఒకే గేటు ముందు ఐదారు జెండా దిమ్మెలు కనిపించడానికి పార్టీల చీలికలు ఒక కారణమైతే, ఇది ఇంకొకటి. మహారాష్ట్ర 1971లో సొంత చట్టం చేసుకుంది. మిగతా చాలాచోట్ల 1958లో కుదిరిన క్రమశిక్షణ నియమావళే దిక్కయింది. అది పెద్దమనుషుల ఒప్పందం. తప్పితే శిక్ష లేదు.

ఆ బలహీనమైన నియమావళి ఆసరాగానే మన దగ్గర ఒక మంచి పద్ధతి నిలదొక్కుకుంది. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగ్‌తో ఎన్నుకుంటున్నారు. అంతకుముందు అక్కడ సమ్మెలు లెక్కలేనన్ని. ఏ సంఘం పిలుపిచ్చినా ఏదో ఒక గని ఆగేది. ఇప్పుడు మొత్తం కంపెనీలో ఎక్కువ ఓట్లు వచ్చినది గుర్తింపు సంఘం, ఏరియాలో నెగ్గినది ఆ ఏరియాకి ప్రాతినిధ్య సంఘం. ఎన్నికలప్పుడు గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, కొత్తగూడెం వెళ్లి చూస్తే గేట్ మీటింగులు, కరపత్రాలు, క్వార్టర్లలో ఇంటింటి ప్రచారం, అసెంబ్లీ ఎన్నికలకి ఏమాత్రం తీసిపోదు. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ దాదాపు రెండు వేల ఓట్ల తేడాతో కాంగ్రెస్ అనుబంధ సంఘమైన ఐఎన్‌టీయూసీ మీద నెగ్గింది. పదకొండు ఏరియాల్లో ఆరు ఐఎన్‌టీయూసీకే వచ్చినా, మొత్తం ఓట్లు ఎక్కువ కాబట్టి గుర్తింపు ఏఐటీయూసీకి దక్కింది. ఓడిన సంఘంవాళ్లు కూడా ఆ లెక్కని ఒప్పుకున్నారు. యజమాని ఎంచుకోకుండా కార్మికులే ఎంచుకుంటే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

2020లో పార్లమెంటు పారిశ్రామిక సంబంధాల కోడ్ పాస్ చేసింది. 2025 నవంబర్ 21న అది అమల్లోకి వచ్చింది. 1926 చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, ఉద్యోగ నిబంధనలు రాతలో ఉండాలనే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం మూడూ దానిలో కలిసిపోయాయి. మూడో ప్రశ్నకి ఇందులో సూటిగా జవాబుంది. ఒకే సంఘం ఉంటే అదే 'సంప్రదింపుల సంఘం'. ఒకటి కన్నా ఎక్కువుంటే, మస్టర్‌లో, అంటే సంస్థ హాజరు పట్టీలో, ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్నదానితో మాట్లాడాలి. ఎవరికీ 51 రాకపోతే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాలతో సంప్రదింపుల కౌన్సిల్ వేయాలి. డెబ్బై ఎనిమిదేళ్లు ఆగాక వచ్చిన ఈ మాటని నేను మనస్ఫూర్తిగా మంచిదే అంటాను.

కానీ 51 అన్న అంకె దగ్గర ఆగి చూడాలి. సింగరేణిలో నెగ్గిన సంఘానికి పోలైన ఓట్లలోనే సగం రాలేదు. కొత్త కొలత పెడితే అక్కడ ఒక్క గుర్తింపు సంఘం కాకుండా కౌన్సిల్ వస్తుంది. నాలుగు జెండాలవాళ్లని ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే మాట మీద నిలబెట్టడం ఎంత కష్టమో యూనియన్ పని చేసిన ఎవరినడిగినా చెబుతారు. పైగా మూడో ప్రశ్నకి జవాబిచ్చిన కోడ్ సమ్మెని బిగించింది. ఇదివరకు రైల్వే, కరెంటు, నీళ్లలాంటి ప్రజా వినియోగ సేవల్లోనే ముందస్తు నోటీసు తప్పనిసరి. ఇప్పుడు ప్రతి పరిశ్రమలోనూ 14 రోజుల నోటీసు కావాలి. కన్సిలియేషన్ మొదలైతే అది నడిచినంత కాలం సమ్మెకి వెళ్లకూడదు. సగం మంది కలిసి క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందే లెక్క. సమ్మెకి వెళ్తారన్న భయం లేని సంఘంతో ఎదుటివాడు కూర్చుంటాడు, టీ ఇస్తాడు, పంపేస్తాడు.

ఏడు సంతకాల సంగతీ మారింది. 2001లో చేసిన సవరణతో, కనీసం ఏడుగురుండటంతో పాటు అక్కడ పనిచేసేవాళ్లలో పది శాతం గానీ వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండాలి. కోడ్ కూడా అదే ఉంచింది. కాగితాల సంఘాలని అరికట్టడానికి పనికొచ్చింది. అదే సమయంలో, ఎనిమిది వందల మంది ఉన్న మిల్లులో ఇప్పుడు ఎనభై మందిని రహస్యంగా కూడగట్టాలి. ఏడుగురి పేర్లే రెండు వారాలు దాగలేదు.

మద్రాసు మిల్లుల కథ మొదలైన ఊరి పొలిమేరల్లోనే, శ్రీపెరంబుదూరులో, 2024 సెప్టెంబర్‌లో శాంసంగ్ కార్మికులు నెలకి పైగా సమ్మె చేశారు. జీతం డిమాండ్లున్నా, గొడవకి మూలం సంఘం రిజిస్ట్రేషనే. పేరులో కంపెనీ పేరు వాడకూడదని అభ్యంతరం వచ్చింది. దరఖాస్తు రిజిస్ట్రార్ దగ్గర ఆగిపోయింది. మద్రాసు హైకోర్టు గడువు పెట్టాక 2025 జనవరి 27న సర్టిఫికెట్ వచ్చింది. వాడియా యూనియన్ పుట్టిన నూట ఆరేళ్ల తర్వాత అదే నగరం చుట్టుపక్కల ఇంకా మొదటి మెట్టు దగ్గరే పోరాటం.

సింగరేణి దగ్గరికి మళ్లీ ఒక్కసారి వెళ్దాం. 2023 డిసెంబర్‌లో ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లు దాదాపు నలభై వేలు, అందరూ పర్మినెంట్ ఉద్యోగులు. అదే గనుల దగ్గర, అవే ఓపెన్‌కాస్టుల్లో, అవే క్వార్టర్ల వీధుల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికులు వేలల్లో ఉన్నారు. వాళ్లకీ సంఘాలున్నాయి. 2022 సెప్టెంబర్‌లో వాళ్లు రెండు వారాలకు పైగా సమ్మె కూడా చేశారు. పోలింగ్ రోజు మాత్రం వాళ్లకి ఓటు లేదు. కొత్త కోడ్ 51 శాతం లెక్క కట్టమన్నది ఆ సంస్థ మస్టర్‌లో ఉన్న కార్మికుల మీద. వాళ్ల పేర్లుండేది కాంట్రాక్టరు మస్టర్‌లో.